పాత బేస్ ఆంప్‌లో గిటారు లీడు పెట్టేముందు

గిటారు వాయించి బతికేవారికి మంచి వాల్వు బేస్ ఆంప్ దొరికితే వదులుకోవద్దనే నా మాట. బేస్ కోసం చేసింది గిటారుకు పనికొస్తుందా అన్న సందేహం అక్కర్లేదు. ఫెండర్ కంపెనీ 1952లో బేస్‌మాన్‌ను తెచ్చింది బేస్ గిటారు కోసమే. కానీ పది అంగుళాల స్పీకర్లు నాలుగున్న 1950ల చివరి మోడల్‌ను గిటారిస్టులే సొంతం చేసుకున్నారు. లండన్‌లో సంగీత వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో తొలి ఆంప్ తయారు చేయించినప్పుడు నమూనాగా పెట్టుకున్నది ఆ బేస్‌మాన్ సర్క్యూట్‌నే. గిటారుతో బేస్ ఆంప్‌కు హాని లేదు. గిటారు ఆంప్‌లో బేస్ గట్టిగా వాయిస్తేనే స్పీకరు దెబ్బతింటుంది.

భయపడాల్సింది కరెంటుకు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఆంప్‌ను కొన్నరోజే ఆన్ చేయకండి. లోపలి పాత కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. ఆన్ చేయగానే అవి పేలవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు తీసేసినా కొంతసేపు ఆ చార్జి ప్రాణం తీసేంత నిలిచే ఉంటుంది. అందుకే మూత మీరు తీయకండి. వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్ద మెకానిక్ ఎవరైనా ఊళ్లో ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. అమెరికా ఆంప్‌కు రెండు పిన్నుల తీగే ఉంటే మూడు పిన్నులది వేయించి ఎర్తు కలిపించండి. లేకపోతే ఏదో ఒక రాత్రి గిటారు తీగల మీద చేయి ఉండగానే మైకు పెదవికి తగిలి షాకు కొడుతుంది. అమెరికా ఆంప్ 117 వోల్టుల సరుకు, మన గోడలో 230 ఉంటుంది కాబట్టి ఎర్తున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. బేరమాడేటప్పుడే ఈ ఖర్చంతా ధరలో కలుపుకోండి.

స్పీకరు కలపకుండా వాల్వు ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయకూడదు. స్పీకరు ఓములు ఆంప్ అడిగినవే ఉండాలి. నాలుగు స్పీకర్ల బేస్‌మాన్‌కు అవి 2 మాత్రమే.

ఇక ఆ బేస్‌మాన్ నాదం. బేస్ నాబ్ బాగా తగ్గించండి. వాల్యూం పెంచేకొద్దీ ఇంకా తగ్గించాలి, లేదంటే కింది స్వరాలు బురదలా కలిసిపోయి పక్కన బేస్ వాయించే అతన్ని ముంచేస్తాయి. లీడు బ్రైట్ ఛానెల్ మొదటి ఇన్‌పుట్‌లో పెట్టి, రెండో ఇన్‌పుట్ నుంచి పొట్టి లీడుతో నార్మల్ ఛానెల్‌కు కలపండి. రెండు వాల్యూమ్‌లనూ చెవితో సరిచూసుకుంటే గొంతు నిండుగా వస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అమరిక ఇదే. రివర్బ్ ఉండదు, పెడల్ పెట్టుకోవాలి. చిన్న హాలులో దీని 45 వాట్లు చాలా ఎక్కువ. అక్కడ వాల్యూం తగ్గించి ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో పని నడపండి.

కార్యక్రమానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న ప్రీఆంప్ వాల్వు, రెండు ఫ్యూజులు సంచిలో ఉంచుకోండి. ఆంప్ ఆపి చల్లారాక చిన్న వాల్వు మీరే మార్చుకోవచ్చు, పెద్ద పవర్ వాల్వులు మారిస్తే మెకానిక్‌తో బయాస్ చేయించాలి. ఫ్యూజు పోతే అదే రేటింగుది వేయండి, తీగ చుట్టకండి. రెండోదీ పోతే ఆ రాత్రికి ఆంప్ పక్కనపెట్టి, సౌండు వాళ్ల మిక్సర్‌లోకి లైను ఇచ్చి వాయించండి.