మనోవ్యాధి - మానవధర్మము

దేహమునకు జ్వరము వచ్చినట్లే మనస్సునకును వ్యాధి కలుగును. దానిని కేవలము పాపఫలముగా నెంచి రోగిని దాచియుంచుట తగదు. చరకసంహిత ఉన్మాదమునకు వాతాది దోషముల ప్రకోపమును కారణముగా చూపి, ఔషధములతోపాటు మిత్రుల ఓదార్పును గూడ చికిత్సలో చేర్చినది.

తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపమున, దైవానుగ్రహముచే స్వస్థత చేకూరునను ఆశతో బంధువులు రోగులను ఒక ప్రైవేటు ఆశ్రయమున ఉంచిరి. 2001 ఆగస్టు 6వ తేదీన అచటి పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన వారు తప్పించుకొనలేకపోయిరి. 28 మంది మరణించిరి. ఇది సర్వమతములవారికి గుణపాఠము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

నిద్రలేమి, విడువని దిగులు, మరణచింత కానవచ్చినచో ఇంటివారు ఉపేక్షింపక వైద్యుని సంప్రదింపవలెను. 14416 అను టెలి-మానస్ నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ప్రార్థన ధైర్యమునిచ్చును, వైద్యము వ్యాధిని తగ్గించును. ఈ రెండింటికిని విరోధము లేదు. ఆర్తుని ఆదరించుటయు ఈశ్వరార్చనమే.