బిట్టు దొరికిందా, కూపీ లాగండి

పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు దిగి బస్సెక్కే కుర్రాళ్ల బ్యాగుల్లో, క్యారేజీ పక్కన ఒక బిట్ బ్యాంకు చాలాసార్లు కనబడుతుంది. లంకెలపాలెం జంక్షన్ దగ్గర బస్సు నెమ్మదించగానే ఒకరు ప్రశ్న చదువుతారు, పక్కవాళ్లు జవాబు చెబుతారు. "నీలిరంగు రక్తం ఉన్న జీవి?" "గుర్రపునాడా పీత." టక్కున తర్వాతి ప్రశ్న. కూర్మన్నపాలెం వచ్చేసరికి ఒక పేజీ పూర్తి.

పొద్దంతా నిలబడి పనిచేసి, బస్సులో కూడా చదువుకునే ఆ పట్టుదలకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. అందుకే వాళ్లను ఒక్కటి అడుగుతాను. ఆ పీత దగ్గరే రెండు నిమిషాలు ఆగండి.

ఆ రక్తం నీలంగా ఎందుకుంది? మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుముతో కూడిన హిమోగ్లోబిన్. ఆ జీవిలో ఆ పని రాగితో కూడిన హిమోసయనిన్ చేస్తుంది. ఆ రాగి వల్లే నీలం. సరే, ఆ రక్తంతో మనుషులకేం పని? ఈ ప్రశ్న మిమ్మల్ని తిన్నగా ఫార్మా ల్యాబుల్లోకి తీసుకుపోతుంది. ఇంజెక్షన్ మందులో బ్యాక్టీరియా వదిలిన విషం రవ్వంత మిగిలినా రోగికి జ్వరం కాస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. పూర్వం ఆ మందును కుందేళ్లకు ఎక్కించి వాటికి జ్వరం వస్తుందేమో చూసేవారు. 1956లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్యాంగ్, కొన్ని రకాల బ్యాక్టీరియా తగిలితే ఈ పీత రక్తం గడ్డకడుతుందని వెల్లడించారు. ఎల్‌ఏఎల్ పరీక్ష అక్కడినుంచి పుట్టింది. ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూసే స్నేహితుడెవరైనా ఉంటే అడగండి, ఆ మూడక్షరాలు వినగానే గుర్తుపడతాడు. ఇంతకీ పేరులో పీత ఉన్నా అది పీత కాదు. సాలీడుకూ తేలుకూ దగ్గరి చుట్టం. డైనోసార్ల కంటే ముందునుంచీ భూమ్మీద ఉంది. మన పొరుగున ఒడిశా, బెంగాల్ తీరాల్లో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మరిచిపొమ్మన్నా మీరా జవాబు మరిచిపోలేరు. వలలో ఒక ముడికి నాలుగు వైపులా తాడు ఉన్నట్టు, ఆ బిట్టుకు ఇనుము, రాగి, కుందేలు, ఇంజెక్షన్ అన్నీ ముడిపడ్డాయి. ఎటునుంచి లాగినా జవాబు పైకొస్తుంది.

దీనికి శాస్త్రం కూడా సాక్ష్యం చెబుతుంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకుని 1885లో ఫలితాలు అచ్చువేశారు. అర్థం లేని అక్షరాల కూర్పులు బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నారో లెక్కకట్టారు. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోయేది. అదే చేత్తో ఒక ఆంగ్ల కావ్యంలోని పద్యాలు కూడా నేర్చుకుని చూశారు. అర్థం లేని అక్షరాలకు పట్టిన శ్రమలో సుమారు పదోవంతుతోనే పద్యం పట్టుబడింది. సంబంధం తెలియని బిట్టు మన బుర్రకు ఆ అక్షరాల కూర్పుతో సమానం. దానికి అర్థం తగిలించండి, శ్రమ తగ్గుతుంది.

"అంత టైమెక్కడిది సార్, సిలబస్ సముద్రమంత ఉంది" అంటారు. నిజమే. కాబట్టి అన్ని బిట్లకూ కూపీ లాగొద్దు. రోజుకు ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ మీ ఊరికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. కళ్లతో చూసేది, చేత్తో తాకేది బుర్రలో ముందు నాటుకుంటుంది.

సముద్రమన్నారు కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. "రామన్ ఫలితానికి నోబెల్ ఏ సంవత్సరంలో వచ్చింది?" 1930. ప్రతి బిట్ బ్యాంకులో ఉంటుంది. తిరుచిరాపల్లిలో పుట్టిన రామన్ పెరిగింది మన విశాఖపట్నంలో అన్నది మాత్రం చాలామందికి తెలియదు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. అబ్బాయి చదివింది సెయింట్ అలోషియస్ స్కూల్లో. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. మనం రోజూ చూసే ఈ బంగాళాఖాతాన్నే చూస్తూ ఆయన బాల్యం గడిచింది.

1921లో ఇంగ్లండు వెళ్లి ఓడలో తిరిగివస్తూ, మధ్యధరా సముద్రపు నీలాన్ని చూసి రామన్‌కు ఒక సందేహం వచ్చింది. సముద్రంలో కనబడేది ఆకాశపు ప్రతిబింబమేనని అప్పటికే లార్డ్ రేలీ అంతటి పెద్ద శాస్త్రవేత్త చెప్పి ఉన్నారు. మరొకరైతే "పెద్దాయన చెప్పారుగా" అని ఊరుకునేవారు. రామన్ తన దగ్గరున్న చిన్న నికోల్ పట్టకంతో నీటి మీది ప్రతిబింబాన్ని అడ్డుకుని చూశారు. ప్రతిబింబం పోయింది, నీలం పోలేదు! నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయన్న ఆలోచన అక్కడ బలపడింది. ఏడేళ్ల పని తర్వాత 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితం వెలుగు చూసింది. మనం ఏటా జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకునే తేదీ అదే. రెండేళ్లకు నోబెల్. సముద్రపు నీలానికి, నీరు ఎరుపు కాంతిని పీల్చుకోవడమే పెద్ద కారణమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. జవాబు ఇంకొంచెం మారిందన్నమాట. ప్రశ్న విలువ మాత్రం తగ్గలేదు.

ఈ కథకు ఒక కొస పరవాడలో ఉంది. రామన్ ఫలితంతో పనిచేసే చేతిలో పట్టుకునే పరికరాలు ఇవాళ ఔషధ పరిశ్రమలో వాడుకలో ఉన్నాయి. వచ్చిన ముడిసరుకు అదేనా, వేరేదా అని సంచి విప్పకుండానే, పారదర్శకమైన కవరు మీదినుంచే చెప్పేస్తాయి. విశాఖలో చదువుకున్న కుర్రాడి సందేహం మందుల ఫ్యాక్టరీల్లో పరికరమై కూర్చుంది. ఇది తెలిశాక 1930 అన్న అంకెను ఎవరైనా వేరే కంఠతా పట్టాలా?

కళల బిట్టు ఒకటి చూద్దాం. "ఏటికొప్పాక దేనికి ప్రసిద్ధి?" లక్క బొమ్మలకు. వరాహ నది ఒడ్డున, ఎలమంచిలి దగ్గర, మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది ఆ ఊరు. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. బిట్ బ్యాంకు ఇక్కడితో ఆగుతుంది. మీరు ఆగకండి. ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆ పని చూసి రండి. మెత్తటి అంకుడు కర్ర యంత్రం మీద గిరగిర తిరుగుతుంటే కళాకారుడు రంగు లక్క ముక్కను దానికి ఒత్తిపెడతాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగారింపు వస్తుంది. వేరే పొయ్యి లేదు, కుంచె లేదు.

ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలకు పట్టే ఒక చిన్న పురుగు స్రవించే బంక అది. చూడండి, కళల ప్రశ్న ఉన్నట్టుండి జంతువుల ప్రశ్నయింది. దాన్ని శుద్ధి చేస్తే షెల్లాక్. మన తాతల కాలం నాటి గ్రామఫోను రికార్డులు షెల్లాక్‌తో అచ్చొత్తినవే. ప్లాస్టిక్ రికార్డులు వచ్చేదాకా సినిమా పాటలు ఇంటింటికీ చేరింది పురుగు బంక మీదే! కొన్ని మాత్రల పైపూతలో కూడా షెల్లాక్ వాడతారు. జంతువు, కళ, సినిమా పాట, మందు మాత్ర అన్నీ ఒకే పురుగు దగ్గర కలిశాయి. నాకు తెలిసిన సాధారణ విజ్ఞానంలో ఇంతకంటే అందమైన గొలుసు ఇంకొకటి లేదు.

ఇక ఒక గట్టి హెచ్చరిక. జవాబులకు కూడా వయసుంటుంది. "ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఏది?" పాత పుస్తకం పాలపిట్ట అంటుంది. విభజన తర్వాత పాలపిట్ట తెలంగాణకు ఉండిపోయింది. మన ప్రభుత్వం 2018లో రామచిలుకను ప్రకటించింది. జంతువు కృష్ణజింక, చెట్టు వేప, పువ్వు మల్లె. గురజాడ అప్పారావు పుట్టిన ఎస్.రాయవరం విశాఖ జిల్లాలో ఉందని ఎన్నో పుస్తకాల్లో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది అనకాపల్లి జిల్లా, పరవాడ కూడా అంతే. సొంత ఊరి జిల్లా పేరే మారినప్పుడు పదేళ్ల కిందటి బిట్ బ్యాంకును గుడ్డిగా నమ్మితే ఎలా? తప్పు జవాబుకు మార్కు కోసే పరీక్షల్లో ఈ అలవాటు ఖరీదైనది. పుస్తకం కొనేముందు అచ్చయిన సంవత్సరం చూడండి.

కొన్నిసార్లు లోకం మారకపోయినా జవాబు మారుతుంది, ఎందుకంటే మొదటినుంచీ తప్పే చెప్పుకుంటున్నాం కాబట్టి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాన్ని చూసి పుస్తకం రాసుకుంటూ వచ్చింది. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ తేదీకి ఆధారమేదని అడిగారు. సెన్సారు వివరాలు, నాటి పత్రికలు తిరగేశారు. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు అయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా థియేటర్‌లో విడుదలైందనీ తేల్చారు. ఇప్పుడు తెలుగు సినిమా పుట్టినరోజు ఫిబ్రవరి 6. అందరూ కంఠతా పట్టిన తేదీని ఒక మనిషి ఓపిగ్గా సరిదిద్దారు. వ్యక్తిత్వం అంటే నా దృష్టిలో ఇదే. తెలిసిందనుకున్న దాన్ని కూడా "ఆధారమేది?" అని మర్యాదగా అడగగలగడం.

ఇంటర్వ్యూలో పనికొచ్చేది కూడా ఈ గుణమే. "ఏ ఊరు?" "పరవాడ సార్." "మీ ఊళ్లో ఏముంది?" "సింహాద్రి విద్యుత్ కేంద్రం, రెండు వేల మెగావాట్లు." అంకె చెప్పారు, బాగుంది. తర్వాతి ప్రశ్న తప్పక వస్తుంది. "ఆ పెద్ద గోపురాల్లోంచి వచ్చే తెల్లటిదేమిటి?" పొగ అంటే పోయారు. అవి కూలింగ్ టవర్లు, పైకి లేచేది నీటి ఆవిరి. బొగ్గు పొగ సన్నగా పొడవుగా ఉండే చిమ్నీలోంచి పోతుంది. రోజూ చూసేదాని గురించి స్పష్టంగా చెప్పగలిగినవాడి మీద ఎదుటివాళ్లకు గురి కుదురుతుంది.

పరీక్షలో ఎక్కువమంది జారేది పోలికలున్న జంటల దగ్గర. అతి పెద్ద జంతువు నీలి తిమింగలం, అతి పెద్ద చేప తిమింగల సొర. మొదటిది పిల్లకు పాలిచ్చే క్షీరదం, రెండోది మొప్పలతో ఊపిరి తీసే చేప. తడబడుతున్నారా? 2021 డిసెంబరును గుర్తుపెట్టుకోండి. పరవాడకు దగ్గర్లోనే తంతడి తీరంలో మత్స్యకారుల వలకు ఒక తిమింగల సొర చిక్కింది. అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి దాన్ని ప్రాణాలతో తిరిగి సముద్రంలోకి పంపారు. అంత పెద్ద చేపను ఎందుకు వదిలేశారు? 2001 నుంచి అది మన వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది. ఆ రక్షణ పొందిన తొలి చేప అదే. ఇలాంటి జంటలన్నిటికీ నోటుబుక్కులో పక్కపక్కన రెండు గడులు గీసి, తేడా ఒక్క వాక్యంలో రాసుకోండి.

నోటుబుక్కు మాటొచ్చింది కాబట్టి పద్ధతి చెప్పేస్తాను. రోజుకొక బిట్టు. దాని కింద 'ఎందుకు', 'ఎలా', 'మన దగ్గర ఎక్కడ' అని రాసి జవాబులు వెతకండి. దొరికింది దొరికినట్టు మీ మాటల్లో రాయండి. రాత్రి అన్నం తినేటప్పుడు ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే. ఎక్కడ తడుముకున్నారో అక్కడే లోపం. మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత పుస్తకం మూసి ఒకసారి గుర్తుచేసుకోండి. చదివిందే మళ్లీ మళ్లీ చదవడం కంటే మూసి గుర్తుచేసుకోవడం బాగా పనిచేస్తుంది.

ఫోనులో వెతకండి, తప్పులేదు. కాని మనుషుల్ని అడగడం మానకండి. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన పెదనాన్న ఉంటే, బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి కదా, అందులో పని ఎలా ఉండేదని అడగండి. ల్యాబులో పనిచేసే అక్కను ఎల్‌ఏఎల్ గురించి అడగండి. సెలవు రోజున ముత్యాలమ్మపాలెం వెళ్లి, వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చుని, ఈ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించీ, తిమింగల సొర గురించీ అడగండి. వాటిని వాళ్లేమని పిలుస్తారో, ఏ నెలల్లో కనబడతాయో చెప్పించుకోండి. ఏ బిట్ బ్యాంకులోనూ లేని ఆ పేర్లు నోటుబుక్కులో ఎక్కించి, పక్కన ఊరు, తేదీ వేసి, వచ్చే వారం బస్సులో మీ స్నేహితుల్ని అడగండి.