అతినీలలోహిత కాంతి - మన మిరపకల్లం

మొన్న మార్చిలో ఇంటికి వెళ్లేసరికి కల్లంలో కాయ తడిసి ఉంది. భద్రాచలం అడవి అంచున గోదావరి పొడుగునా చర్ల, దుమ్ముగూడెం దాకా మిరపే మాకు ఆధారం. కాయ కోయడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. కోత కూలి ఇచ్చేశాక వాన పడితే ఎట్లా ఉంటుందో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. తడిసిన కాయ తెల్లబడి తాలయిపోతుంది, తొడిమ దగ్గర బూజు పడుతుంది.

అప్పుడు మా నాన్న అడిగాడు: "మీ కాలేజీలో అదేదో లైటు ఉందంటివి గదరా, క్రిములు చచ్చిపోతాయని. మన కాయకి చూపిస్తే బూజు పోదా?"

ఆయన చెప్పింది మా వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కల్చర్లు పెట్టే పెట్టెలోని ట్యూబులైటు గురించి. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే.

ఆ ట్యూబులో ఉన్నది పాదరసపు ఆవిరి. దాని నుంచి ముఖ్యంగా 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు వస్తాయి. కంటికి కనబడే నీలిరంగు వేరు, క్రిమిని చంపే కిరణం వేరు. మామూలు గాజు ఈ కిరణాన్ని ఆపేస్తుంది కనుక ట్యూబును క్వార్ట్జుతోగాని, దాన్ని పోనిచ్చే ప్రత్యేకమైన గాజుతోగాని చేస్తారు. సూక్ష్మజీవి డి.ఎన్.ఏ. ఈ కిరణాన్ని బాగా పీల్చుకుంటుంది. పక్కపక్కనున్న రెండు థైమిన్ అణువులు అతుక్కుపోతాయి, ఇక ఆ కణం విభజన చెందలేదు. వేడి లేదు, మందు లేదు, వాసన లేదు. వినడానికి ఎంత బాగుందో!

చిక్కు ఎక్కడంటే, ఈ కాంతి తాను తాకిన చోటే చంపుతుంది. మిరపకాయ ఎండితే ముడతలు పడుతుంది. ముడత లోపల, తొడిమ కింద, పక్క కాయ నీడలో దాక్కున్న బూజుకు ఏమీ కాదు. కాయ లోపల గింజల మధ్య పెరిగే బూజు సంగతి అడగనే వద్దు. పైగా అన్ని క్రిములూ ఒక్కటి కావు. ఇ.కోలై బాక్టీరియాలో నూటికి తొంభైని చంపడానికి చదరపు సెంటీమీటరుకు కొద్ది మిల్లీజౌళ్లు చాలు. నల్లబూజు బీజాలకు వందకు పైగా కావాలి. వాటి నల్లరంగే వాటికి గొడుగు. ఇంకొకటి, 1949లో ఆల్బర్ట్ కెల్నర్ గమనించాడు: ఈ కిరణాలతో దెబ్బతిన్న సూక్ష్మజీవులను తర్వాత మామూలు వెలుతురులో పెడితే చాలావరకు కోలుకుంటాయి. పగలంతా ఎండలో ఉండే కల్లానికి ఇది ఎంత చిక్కో ఊహించండి.

అసలు భయం బూజు కంటే అది వదిలే విషం. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్‌ను తయారుచేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. ఆ సంగతి పరిశోధించింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. బూజు చచ్చినంత మాత్రాన విషం పోదు, వంటవేడికీ అంతగా లొంగదు. యూరప్ దేశాలు మిరపలో కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకోవు. అంటే తడిసి బూజుపట్టిన కాయకు తర్వాత లైటు చూపించడం, దొంగ వెళ్లాక తలుపు వేసినట్టే.

తమాషా ఏమిటంటే ఆ విషాన్ని పట్టిచ్చేది కూడా అతినీలలోహిత కాంతే. 365 నానోమీటర్ల దీపం కింద అది నీలంగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. అఫ్లాటాక్సిన్ బి, జి అన్న పేర్లు ఆ రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే. మొక్కజొన్నలో అనుమానపు గింజలను ఏరడానికి ఈ దీపం వాడతారు.

మరి ఎండ సంగతి? సూర్యుడిలోనూ ఆ చంపే కిరణాలున్నాయి గాని, 280 నానోమీటర్ల లోపువి ఓజోను పొర దాటి రావు. కల్లంలో ఎండ చేసే మేలు ముఖ్యంగా ఆరబెట్టడమే. తేమ నూటికి పది పదకొండు పాళ్లకు దిగితే బూజు లేవదు.

అలాగని ఈ దీపం పనికిమాలినదని కాదు. పలుచగా సుడి తిరుగుతూ పారే పండ్లరసానికి దీన్ని వాడవచ్చని అమెరికా 2000లో అనుమతించింది. కడిగే నీటికి, ప్యాకింగు గది గాలికి, నున్నటి పండు తోలుకు ఇది బాగానే పనిచేస్తుంది. పొడి దినుసుల లోపలి దాకా వెళ్లేది గామా కిరణం. సుగంధ ద్రవ్యాల కోసం అటువంటి కేంద్రం 2000లోనే నవీ ముంబయిలోని వాషిలో మొదలైంది. అది రైతు ఇంట్లో పెట్టుకునేది కాదు.

ఒక హెచ్చరిక. ఎవరైనా ఆ ట్యూబు కొని ఇంట్లో బిగిస్తే, వెలుగుతుండగా దాని వైపు చూడకూడదు. వెల్డింగు మంట చూసినవాడికి రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుందే, అదే బాధ. చర్మం కూడా కమిలిపోతుంది.

ఇదంతా నాన్నకు మా మాటల్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే లైటు కాదు, ఇంకో రెండు పట్టాలు కొనాలంటావు" అన్నాడు.

"కాయ నేల తాకకుండా కింద ఒకటి, మబ్బు పడితే పైన కప్పడానికి ఒకటి" అన్నాను.