పట్టమా? పరిశోధనమా?

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలు పత్తికి, మిరపకు పెట్టింది పేరు. ఇక్కడి రైతు కుటుంబాల నుండి కంప్యూటర్ శాస్త్రంలో ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళినవారు ఎందరో. వారిలో పెక్కుమంది ఎన్నుకొనేది ఉద్యోగానికి దారిచూపే ఎం.ఎస్. రెండేళ్ళలో ముగిసే ఈ చదువుకు రుసుము సాధారణంగా విద్యార్థియే చెల్లించాలి. అందుకై పొలం తాకట్టుపెట్టిన ఇంట, మిర్చి ధర పడిపోయిన ఏడు వడ్డీయే గుదిబండ అవుతుంది.

పిహెచ్.డి. కలవారి చదువని ఒక అపోహ. నిజానికి అక్కడి విశ్వవిద్యాలయాలు ఈ శాస్త్రంలో పరిశోధకులకు చాలావరకు రుసుము మాఫీచేసి, భృతి కూడా ఇస్తాయి. పరిశోధకుడు చెల్లించే మూల్యం అయిదారేళ్ళ యౌవనం. జవాబు దొరుకునో లేదో తెలియని ప్రశ్నతో సహవాసం. ఆ ప్రశ్నపై మక్కువ లేనివారికి భృతి ఒక్కటే ఊతం కాజాలదు.

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో రైతుబిడ్డగా జన్మించిన రాజ్ రెడ్డి ఆస్ట్రేలియాలో ఎం.టెక్. ముగించి, ఐ.బి.ఎం.లో ఉద్యోగం చేశారు. పిమ్మట స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేట్ పొందారు. యంత్రానికి మానవుని మాట వినిపించే కృషిలో అగ్రగణ్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్నారు. ఉద్యోగం ఆయన పరిశోధనకు అడ్డురాలేదు. ఎం.ఎస్.తోనే ఉద్యోగంలో చేరిన హైదరాబాదీయుడు సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్ట్ అధినేత అయ్యారు.

పరిశోధన రుచి చూడడానికి సముద్రాలే దాటనక్కరలేదు. 1998లో నెలకొన్న హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పరిశోధనాత్మక ఎం.ఎస్. ఉన్నది. ఒంగోలు నుండి అక్కడికి ఒక రాత్రి ప్రయాణమే.