బెల్టు ముడి విప్పే వేళ

రెండేళ్ల కిందట ఒక రాత్రి మా అమ్మాయి కంచం ముందే నిద్రపోయింది. పెరుగన్నం కలిపిన చెయ్యి కలిపినట్టే ఉంది, తల గోడకు వాలిపోయింది. కరాటే క్లాసు నుంచి వచ్చి స్నానం కూడా చెయ్యలేదు. వాళ్ళమ్మ చెయ్యి కడిగింది, నేను ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టాను. నడుముకి బెల్టు ఇంకా అలాగే ఉంది. చెమటకి తడిసి ముడి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగి లాగి విప్పేసరికి అయిదు నిమిషాలు పట్టింది. పిల్ల కదల్లేదు. అప్పటికి తనకి 12 ఏళ్ళు.

ఆ అయిదు నిమిషాల్లో నాకు తట్టిన మాటే ఇవాళ సాటి తల్లిదండ్రులతో చెప్పుకోవాలనిపించింది. క్లాసులో ఏం నేర్చుకున్నావని పిల్లల్ని రోజూ అడుగుతాం. క్లాసు అయ్యాక పిల్ల ఇంటికి ఎంత మిగిలి వచ్చిందో మాత్రం చూసుకోం. కడుపునిండా అన్నం తినేంత, తమ్ముడితో పోట్లాడేంత, నాయనమ్మకి కబుర్లు చెప్పేంత ఓపిక మిగిలితే ఆ శిక్షణ పిల్లకి సరిపోయినట్టే. అదేమీ మిగలకపోతే తూకం ఎక్కడో తప్పింది.

మర్నాడు ఒక కాగితం మీద పిల్ల రోజంతా రాశాం. పొద్దున్నే నాలుగున్నరకి లేవడం, మా ఊరి ఎన్టీఆర్ స్టేడియంలో గంట పరుగు, బడి, ట్యూషను, గంటన్నర కరాటే, ఇంటికొచ్చాక హోంవర్కు. పడుకునేసరికి పది. నిద్ర ఆరున్నర గంటలు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల మాట. అంటే మా పిల్ల ఒంటికి మేం రోజూ రెండున్నర గంటలు బాకీ పడుతున్నాం.

ఇది కరాటే తప్పు కాదు. ఆ విద్య మా పిల్లకి ఇచ్చింది తక్కువేం కాదు. తరగతిలో లేచి నిలబడి గట్టిగా జవాబు చెప్పడం, ఓడినా ఎదుటివాళ్ళకి వంగి నమస్కరించడం అక్కడే వచ్చాయి. తప్పు మాది. మంచిదని తెలిసిన దాన్ని ఎంత పెడితే అంత మంచిదనుకున్నాం.

ఈ విద్యల్ని లోకానికి ఇచ్చినవాళ్ళు ఎలా బతికారో ఒకసారి చూడండి. 1882లో టోక్యోలో కొడోకాన్ స్థాపించి జూడోకి రూపం ఇచ్చిన జిగోరో కానో, ఉపాధ్యాయుల్ని తయారుచేసే కళాశాలకి ఇరవై ఏళ్ళకి పైగా ప్రిన్సిపాలుగా పనిచేశారు. కరాటేని 1922లో ఒకినావా నుంచి టోక్యోకి తీసుకొచ్చిన గిచిన్ ఫునకోషి పగలు పిల్లలకి పాఠాలు చెప్పి, రాత్రిళ్ళు గురువు గారింటికి వెళ్ళి సాధన చేసేవారు. ఆయన కవిత్వమూ రాసేవారు. మన పిల్లలు రోజూ పలికే ‘షోటోకాన్’ అనే కరాటే శైలి పేరులో ‘షోటో’ ఆయన కలం పేరే. ఇక మన ఉత్తరాంధ్ర మల్లయోధుడు, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకుని దేశమంతా పేరు తెచ్చుకోకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ముగ్గురూ బడిపంతుళ్ళే. మన పల్లెల్లో జాతరలకి కర్రసాము తిప్పిన తాతలూ అంతే, పగలు చెరకు తోటలో పని చేసుకుని సాయంత్రం కర్ర పట్టినవాళ్ళు. బతుకుని పక్కన పెట్టి ఎవరూ ఈ విద్య నేర్వలేదు.

మరి మన తొందరంతా దేనికి? నల్ల బెల్టుకి. ఆ నల్ల బెల్టులో మొదటి మెట్టుని జపాన్ వాళ్ళు ‘షోదాన్’ అంటారు. ‘షో’ అంటే మొదలు అని. అక్కడికి చేరితే విద్య ఇప్పుడే మొదలైందని అర్థం. అలాంటి చోటికి పరుగెత్తించి తీసుకెళ్ళాల్సిన పని లేదు.

ఎంత శిక్షణ సరిపోతుందో తేల్చుకోవడానికి క్రీడా వైద్యులు ఒక సులువైన లెక్క చెబుతారు. వారంలో శిక్షణ గంటలు పిల్లల వయసుని దాటకూడదు. పన్నెండేళ్ళ పిల్లకి 12 గంటలు పైహద్దు. మేం ఆరు రోజులకి కూడితే 15 తేలాయి. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు ఉండాలని, ఏడాది మొత్తం మీద ఒక్కో నెల చొప్పున మూడు నెలలు ఆ ఆటకి విరామం ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. మనకైతే పరీక్షల నెల ఒకటి, మే ఎండల నెల ఒకటి ఎలాగూ ఉన్నాయి, మూడోది దసరా వైపు చూసుకోవచ్చు. విరామం అంటే మంచం మీద ఫోను పట్టుకోవడం కాదు. సైకిలు తొక్కనివ్వండి, వీధిలో కబడ్డీ ఆడనివ్వండి. మంచి కోచింగని విశాఖ తిప్పేవాళ్ళు రానూపోనూ ప్రయాణాన్ని కూడా ఆ రోజు లెక్కలో కలుపుకోండి. బస్సులో కూర్చున్న గంట విశ్రాంతి కాదు.

కొన్ని విషయాల్లో మాత్రం మెత్తబడకండి. తలకి దెబ్బ తగిలి తలనొప్పి, వాంతి, మగత ఏది కనిపించినా ఆ రోజే ఆట ఆపి డాక్టరుకి చూపించాలి. పోటీలో తక్కువ బరువు విభాగంలోకి వెళ్ళడానికి పిల్లల చేత అన్నం, నీళ్ళు మానిపించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చిన్న పిల్లల్ని దెబ్బలు తగిలే పోటీలకి తొందరపడి పంపకండి. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యిందని క్లాసు మాన్పించకండి. నెలసరిలో ఒంట్లో బాగోని రోజు ఆగే స్వేచ్ఛ ఇస్తే చాలు.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. ఆరేళ్ళకి చేర్పించి, వారానికి ఆరు రోజులు పంపించి, తొమ్మిదో తరగతి అయ్యేసరికి పదో తరగతి పేరు చెప్పి ఒక్కసారిగా మానిపించేస్తాం. డ్రెస్సు బీరువాలోకి పోతుంది, మళ్ళీ బయటికి రాదు. ఒళ్ళూ మనసూ ఎక్కువగా అలిసే ఏడాదిలోనే వాటికి ఊరటనిచ్చే దాన్ని తీసేస్తున్నాం. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పదో తరగతి పిల్లలకి అందులో మినహాయింపేమీ లేదు. వచ్చే ఏడు మా అమ్మాయి కూడా పదిలోకి వెళ్తుంది. సంక్రాంతి దాకా వారానికి రెండు రోజులు క్లాసు, ఆ తర్వాత మార్చి పరీక్షలు అయ్యేదాకా సాయంత్రం డాబా మీద తనకి ఇష్టమైన కటాలు, అంటే కరాటే వరుస కదలికలు, చేసుకోవడం, కాసేపు నడక. అంతే అనుకున్నాం. మాన్పించడం మాత్రం లేదు. మా ఊరి నూకాలమ్మ జాతరకి కూడా ఎప్పటిలాగే వెళ్తాం. పండగా, చుట్టాలూ పిల్ల పెరగడంలో భాగమే.

ఏ మార్పు చేసినా కరాటే మాస్టారితో ముందే మాట్లాడండి. చెప్పకుండా మానేస్తే పిల్లని సోమరి అనుకుంటారు. ఆ రోజు కాగితం మీద లెక్క రాశాక నేను వెళ్ళి, “మాస్టారూ, ఇక మీదట మా పాప నాలుగు రోజులే వస్తుందండి, నిద్ర చాలట్లేదు,” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఆ నాలుగు రోజులూ టైముకి పంపండి, చాలు,” అన్నారు. పొద్దుటి పరుగు ఆదివారానికి మార్చాం.

దీనికి ఖరీదు లేదని చెప్పను. తర్వాతి పరీక్షలో తోటి పిల్లలు పై బెల్టుకి వెళ్ళారు, మా పిల్ల ఆగిపోయింది. ఒక సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాం గాని మళ్ళీ ఆరు రోజులు చెయ్యలేదు. ఆర్నెల్ల తర్వాత ఆ బెల్టు వచ్చింది.

ఇప్పుడు క్లాసు నుంచి రాగానే, గుమ్మంలో చెప్పులు విడిచినట్టే బెల్టు ముడి తనే విప్పి దండెం మీద వేస్తుంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, “అమ్మా, ఇవేళ ఏటి కూర?” అంటుంది. క్లాసు ఉన్న రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి నేను ముందుగదిలో కూర్చుని ఆ మాట కోసం వింటూ ఉంటాను.