ప్రజలెన్నుకొనే విద్యామండలి

పాఠశాలలో ఏమి బోధించాలనే నిర్ణయం ఎవరిది? ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ విద్యామండలి 1971 నాటి చట్టం ద్వారా ఏర్పడింది. దాని సభ్యులను ఓటర్లు నేరుగా ఎన్నుకోరు. అమెరికాలో విద్య ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. అక్కడ కొన్ని రాష్ట్రాలలో విద్యామండలిని ప్రజలే ఎన్నుకుంటారు. కాన్సాస్ రాష్ట్రం అటువంటిది.

నిర్మాణం

1966లో జరిగిన రాజ్యాంగ సవరణ ఈ మండలికి మూలం. దీనిలో పదిమంది సభ్యులుంటారు. రాష్ట్ర సెనేట్‌కు చెందిన నలభై నియోజకవర్గాలను నాలుగేసి చొప్పున కలుపగా పది స్థానాలేర్పడతాయి. పదవీకాలం నాలుగేళ్లు. రెండేళ్లకొకసారి సగం స్థానాలకు ఎన్నిక జరుగుతుంది. అందువల్ల ఒకే ఎన్నికతో మండలి సమూలంగా మారదు. అలాగని ప్రజాభిప్రాయానికి దూరమూ కాలేదు. అధ్యక్షుని సభ్యులే తమలోనుండి ఎన్నుకుంటారు. విద్యా కమిషనర్‌ను మండలియే నియమిస్తుంది.

అధికారాలు, పరిమితులు

బోధనా ప్రమాణాల నిర్ణయం, ఉపాధ్యాయుల అర్హతాపత్రాలు, పాఠశాలల గుర్తింపు మండలి ముఖ్య విధులు. అయితే నిధులు సమకూర్చవలసింది శాసనసభ. పాఠశాలలను నడిపేవి స్థానికంగా ఎన్నికైన మండళ్లు. ఈ విధంగా అధికారం ఒకేచోట పోగుపడదు.

ఒక పరీక్ష

1999 ఆగస్టులో మండలి జీవపరిణామ సిద్ధాంతంలోని ప్రధానాంశాలను విజ్ఞానశాస్త్ర ప్రమాణాలనుండి తొలగించింది. అనుకూలంగా ఆరుగురు, ప్రతికూలంగా నలుగురు ఓటు వేశారు. ఇది బోధనపై నిషేధం కాదు. కాని రాష్ట్రస్థాయి పరీక్షలకు ఆధారం ఆ ప్రమాణాలే. 2000 ఎన్నికలలో మండలి కూర్పు మారింది. 2001లో ఆ సిద్ధాంతం తిరిగి చోటు పొందింది. 2005లో దానిని శంకించే ప్రమాణాలు మళ్లీ ఆరు ఓట్లతో నెగ్గాయి. 2006లో ఓటర్లు మరల తీర్పు మార్చారు. 2007లో ఆ ప్రమాణాలు రద్దయ్యాయి. ఎనిమిదేళ్లలోపు నాలుగుసార్లు మారిన నిర్ణయమిది!

ఈ ఉదంతం రెండు సత్యాలను బోధిస్తుంది. ఓటు విజ్ఞానశాస్త్రాన్ని వివాదంలోకి ఈడ్చగలదు. ఆ పొరపాటును సరిదిద్దగలిగిందీ ఓటే. నియామకం వల్ల నిపుణులకు స్థానం లభించవచ్చు గాని, వారిని ప్రశ్నించే అవకాశం సామాన్యునికి తగ్గుతుంది. ఎన్నిక వల్ల జవాబుదారీతనం పెరుగుతుంది గాని, స్థిరత్వం సడలవచ్చు. ఏ పద్ధతిలోనైనా ఫలితం అనుభవించేది ఓటుహక్కు లేని బాలబాలికలే. ప్రమాణాలను ఓటుతో మార్చవచ్చును. ప్రకృతి ధర్మాలను మార్చలేము. ఈ వివేకం కలిగిన ఓటరే విద్యకు నిజమైన రక్షకుడు.

అర్థాలు

సమూలంగా = మొదలంటా
ఉదంతం = వృత్తాంతం
శంకించు = అనుమానించు

ప్రశ్నలు

1. కాన్సాస్ విద్యామండలి నిర్మాణాన్ని వివరించండి.
2. ఎన్నిక, నియామకం – ఈ రెండు పద్ధతులలోని గుణదోషాలను చర్చించండి.