చందుపట్ల శిల

పల్లెటూళ్ల బాటల ప్రక్కనను, చెఱువుగట్ల మీదను, గుడి వాకిళ్ల ముందఱను నిలువురాళ్లు కొన్ని కానవచ్చును. వానిపై బొమ్మలో, అక్షరములో చెక్కబడి యుండును. ఎద్దులు వానికి వీపు రాచుకొనును. బాటసారులు మూటలు దించి వానికి చేరగిలుదురు. కొన్నిచోట్ల జనులు వానికి పసుపు కుంకుమలు పూసి కొలుతురు. మఱికొన్నిచోట్ల వానినే రేవునకు దొర్లించి, బట్టలుతుకు బండలుగా వాడుకొందురు. పసుపు పూసినవారే ఆ రాళ్లకు మేలు చేసి రనవలెను. పూజలందుకొను రాతిని ఎవ్వరును పగులగొట్టరు గదా!

ఈ రాళ్లన్నియు ఒక్క తీరువి కావు. ఊరి పసులను శత్రువులు తోలుకొని పోవునప్పుడు అడ్డుపడి పోరాడి చనిపోయిన వీరులకై నిలిపినవి వీరగల్లులు. గుడికో, చెఱువునకో, పండితునికో భూమి నిచ్చినప్పుడు ఆ సంగతి నలుగురు నెఱుగునట్లు చెక్కించినవి దానశాసనములు. వీనిపై తఱచుగా సూర్యచంద్రుల బొమ్మ లుండును. సూర్యచంద్రు లున్నంతకాలము ఆ దానము నిలువవలెనని దాత కోరిక. చివరను శాపవాక్యము కూడ నుండును. దానమును హరించినవానికి గంగాతీరమున గోవును చంపిన పాపము చుట్టుకొనునని బెదిరింపు. తాటియాకును చెదలు తినును, రాతిని తినవు. కావున ఆనాటివారికి ఆ రాయియే దస్తావేజు, ఆ శాపమే కాపలా.

తెలంగాణమున నల్లగొండ జిల్లాలో, నకిరేకల్లు మండలమున చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చటి యొక శాసనశిల కాకతీయుల చరిత్రలో ఒక చిక్కును విడదీసినది.

కాకతి గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి ఓరుగల్లు రాజధానిగా తెలుగునేల నేలెను. ఆమె 1262 ప్రాంతమున రాజ్యభారము వహించెనని చెప్పుదురు. ఆమె యెప్పుడు మరణించెను? ఎట్లు మరణించెను? చిరకాలము చరిత్రకారులు ఆమె 1295 వఱకో, 1296 వఱకో పాలించెనని తలచుచుండిరి. వెనీసు నగరపు బాటసారి మార్కోపోలో కూడ మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాయుచు, అచ్చట న్యాయమునందును శాంతియందును ప్రీతిగల యొక రాణి పాలించుచున్నదని మెచ్చుకొనెను. కాని యాతడు ఆమెను చనిపోయిన రాజునకు భార్యగా జెప్పెను. ఆమె ఆ రాజునకు కూతురు! లోకమంతయు చదివిన గ్రంథములో కూడ ఇట్టి పొరపాటు దొరలినది.

చందుపట్ల శిల చెప్పునది కొలది మాటలే. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు జనిరి. వారికి పుణ్యము కలుగుటకై పువ్వుల ముమ్మడి యను సేవకుడు సోమనాథదేవునకు భూమిని దానము చేసెను. కాలము శకవర్షము 1211, విరోధి నామ సంవత్సరము, మార్గశిర మాసము. శకవర్షమునకు 78 చేర్చినచో క్రీస్తుశకము వచ్చును. కావున అది 1289వ సంవత్సరము. దానము చేయునాటికే రాణి లేదు. ఊరి రాయి యొక్కటి ఆమె పాలనాకాలమునుండి ఆఱేడేండ్లు తీసివేసినది.

అంతటితో కథ ముగియలేదు. రాణియు సేనానియు ఒక్కసారిగా ఏల చనిపోయిరి? శిల ఆ మాట చెప్పదు. అయితే ఆ దినములలో కాయస్థ నాయకుడు అంబదేవుడు కాకతీయులపై తిరుగబడి యుండెను. 1290 నాటి త్రిపురాంతక శాసనమున ఆతడు తన విజయములను ఘనముగా చెప్పుకొనెను. ఈ రెండు రాళ్లను ప్రక్కప్రక్కన బెట్టి చదివిన పండితులు, రుద్రమదేవి అంబదేవునితోడి యుద్ధములోనే నేలకొఱిగి యుండునని ఊహించిరి. ఇది ఊహయే; అయినను ఆధారముగల యూహ.

ఇట్టి శిలను చదువుటకు ఓర్పు కావలెను. మొదట రాతిపై మట్టిని, నాచును కడిగెదరు. తడిసిన కాగితమును పఱచి, కుచ్చుతో మెల్లమెల్లగా కొట్టగా అది అక్షరముల పల్లములలోనికి దిగును. పిమ్మట సిరా అద్దగా మిట్టలు నల్లబడి, అక్షరములు తెల్లగా నిలుచును. కొస విఱిగిన రాతియందు సరిగా తేదీ యున్నచోటే పోయి యుండుట కలదు. రోడ్డు వెడల్పు చేయునప్పుడును, క్రొత్త గోడకు పునాది తీయునప్పుడును ఇట్టి కొసలు విఱుగుచుండును.

పువ్వుల ముమ్మడి రాజు కాడు, మంత్రి కాడు. తన యేలికలు గతింపగా, తనకు చేతనైన దానమొకటి చేసి, ఆ మాట చెక్కించెను. ఓరుగల్లు కోటలో ఆనాడు ఏమి జరిగెనో, ఎవరెవరు దుఃఖించిరో ఆతడు వ్రాయించలేదు. తేదీని మాత్రము మఱచిపోలేదు.